ఇఫ్రా టిక్కు పెట్టిన గడి

ఆ ఉదయం పదింటికల్లా హాస్టల్ ఫారం పంపేసి, బజారుకెళ్ళి స్వెట్టర్ కొనాలన్నది ఇఫ్రా ఆలోచన. బందరు ఎండలో స్వెట్టర్ అడిగితే షాపువాళ్ళు ఎలాగూ నవ్వుతారు, ఆ నవ్వేదో పొద్దున్నే అయిపోతే మంచిది. జర్మనీలో ఒక సెమిస్టరు చదవడానికి వాళ్ళ కాలేజీ నుంచి ఎంపికైంది ఆమె ఒక్కతే.

ఫారంలో తినకూడనివి రాయడానికి 'ఎలర్జీలు' అన్న చోటు తప్ప మరొకటి కనిపించలేదు.

"పంది మాంసం అని అక్కడే రాసెయ్," అంది తల్లి షబానా. "వాళ్ళకి తెలియాలిగా."

"ఎంత తీవ్రమో చెప్పమంటున్నారమ్మీ. కొంచెం, బాగా, ప్రాణాపాయం. మూడు గడులున్నాయి."

పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న దాదీ, అంటే నాయనమ్మ ఆమినా బీ తలెత్తింది. "హరామ్‌లో కొంచెమేంటే? పెద్దదే పెట్టు."

ఇఫ్రా మూడో గడిలో టిక్కు పెట్టింది.

జర్మనీ హాస్టల్లో ఆరుగురికి ఒకటే వంటగది. మొదటిరోజే ఇఫ్రా బందరు హల్వా డబ్బా తెరిచి అందరి ముందూ పెట్టింది. లీనా అనే అమ్మాయి చెయ్యి చాపబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి లాక్కుని, పరుగున వెళ్ళి సబ్బుతో కడుక్కొచ్చింది. పక్కగది యోనాస్ అసలు డబ్బా దరిదాపులకే రాలేదు. తర్వాత కూడా ఇఫ్రా వంటగదిలోకి వస్తే చాలు, అందరూ ప్లేట్లు పట్టుకుని లేచిపోయేవారు. పోతూ పోతూ బల్ల తుడిచేవారు.

"నేనంటే అసహ్యం వీళ్ళకి. వచ్చేస్తాను," అని నాలుగో వారంలో ఫోన్ చేసి ఏడ్చింది.

"టిక్కెట్టు మార్పిస్తాలేమ్మా," అన్నాడు తండ్రి ఖలీల్. "ఈలోపు గుడివాడ శోభనాద్రి గారు మీ ఊరే వస్తున్నారు, వాళ్ళమ్మాయి దగ్గరికి. దాదీ రొయ్యల పచ్చడి పంపుతోంది. తిను, కాస్త ధైర్యం వస్తుంది."

పచ్చడి చేరిన మధ్యాహ్నం ఇఫ్రా వేడన్నంలో కలుపుకుని ఒంటరిగా కూర్చుంది. నెల రోజులు చప్పిడి తిన్న నోరు. మొదటి ముద్దకే పొలమారింది. దగ్గు ఆగదు, మొహం కందిపోయింది, మాట పెగలడం లేదు.

గుమ్మంలో లీనా కేక పెట్టింది. "యోనాస్! ఇంజెక్షన్!"

ఫ్రిజ్ పక్కనున్న ఎర్ర పెట్టెలోంచి, నొక్కితే దిగే పెన్నులాంటి సూది తీసుకుని యోనాస్ దూసుకొచ్చాడు. వద్దు వద్దని ఇఫ్రా చేతులు ఊపింది. ఊపిరాడక కొట్టుకుంటోందనుకున్నాడతను. ఆ కంగారులో సూదిని తిరగేసి పట్టుకుని గట్టిగా నొక్కాడు. అది అతని బొటనవేలిలోనే దిగింది.

అంబులెన్సు వచ్చేసరికి ఇఫ్రా గ్లాసుడు నీళ్ళు తాగి కుదుటపడింది. యోనాస్ వేలు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు.

"ఎలర్జీ ఎవరికి?" అని అడిగాడు డాక్టరు. పంది మాంసం పడదంటూ లీనా ఇఫ్రాని చూపించింది.

"పంది మాంసం తింటే మీకు ఏమవుతుంది?"

"తెలీదండీ, ఎప్పుడూ తినలేదు. మా దాదీకి తెలిస్తే మాత్రం ఊరుకోదు."



"అంటే... నువ్వు చచ్చిపోవా?" అన్నాడు యోనాస్ మంచం మీది నుంచి.

అప్పుడు బయటపడింది సంగతంతా. హాస్టల్ వాళ్ళు ఫారం చూసి, మిగతా ఐదుగురినీ కూర్చోబెట్టి సూది వెయ్యడం నేర్పించారట. ఐదుగురూ ఆ వంటగదిలో పంది మాంసం వండడమే మానేశారు. యోనాస్‌కి సాసేజ్ మీద మనసైతే వానలో బస్టాపు దాకా నడిచి, అక్కడే నిలబడి తిని, పళ్ళు తోముకున్నాకే లోపలికి వచ్చేవాడు.

"నాతో ఒక్కమాట అనొచ్చుగా?" అంది ఇఫ్రా.

"జబ్బు గురించి అడిగితే నొచ్చుకుంటావనుకున్నాం," అంది లీనా.

ఇఫ్రా మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఇంటికి ఫోన్ చేసింది టిక్కెట్టు వద్దని చెప్పడానికి.

"ముక్కూమొహం తెలీని పిల్లలు నీకోసం నోరు కట్టుకున్నారా!" అంది షబానా. ఆమినా బీ ఫోన్ లాక్కుంది. "వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పు. దువాలో తలుచుకోవాలి."

వేలు నెలరోజులు తడపకూడదని డాక్టరు చెప్పాడన్నాడు యోనాస్. ఆ నెలంతా అతని గిన్నెలు ఇఫ్రానే, ఎంతో కృతజ్ఞతగా, తళతళలాడేట్టు తోమిపెట్టింది.

డాక్టరు చెప్పింది రెండు రోజులేనని సెమిస్టరు చివర్లో లీనా నోరు జారింది.