ఎర్ర కారు మామగారు

ఆ రోజు అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఆఫీసుకు చేరాలి, ల్యాప్‌టాప్ తెరవాలి, తెరమీద తిరిగే ఒక ఎర్ర కారు నెత్తిన ఉన్న పేరు చెరిపేయాలి. పదకొండింటికి కమిటీ వస్తుంది. కంప్యూటర్లోనే నగరం రోడ్లు వేసి, వాటిమీద కార్లు తిప్పి, దుడుకు డ్రైవింగ్ వల్ల ఏం జరుగుతుందో తేల్చే అతని ప్రాజెక్టు కొనసాగాలో మూతపడాలో ఆవేళే చెప్పేస్తుంది. మూతపడితే అతని ఉద్యోగమూ అంతే.

ఎర్ర కారు నెత్తిన ఉన్న పేరు "మామగారు".

అందులో అబద్ధమేమీ లేదు. తెరమీది నాలుగు వందల కార్లలో దుడుకుగా పోయే కారుకు నిజమైన మనిషి డ్రైవింగ్ తీరు కావాలి. అలాంటి మనిషి ఇంట్లోనే ఉండగా ఊరంతా వెతకడం దేనికని, అతను మామగారి కారులో స్టీరింగ్ కింద ఒక చిన్న పెట్టె బిగించాడు. కారు పెట్రోలు ఎంత తాగుతోందో చూసే పెట్టె అని ఆయనకు చెప్పాడు. మూడు నెలలపాటు ఆయన తిప్పిన ప్రతి మలుపూ, తొక్కిన ప్రతి బ్రేకూ అందులోకి ఎక్కాయి. భార్యకు మాత్రం నిజం చెప్పాడు. ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపిన తండ్రి గురించి ఆవిడ ఒకటే మాట అంది. "నాన్నకి తెలిసిందా, మీతో జన్మలో మాట్లాడరు. నేనూ ఆయన పక్కే."

ఏడున్నరకు బయల్దేరబోతే బండి టైరులో గాలి లేదు. మామగారు అప్పటికే కారు తాళాలు తిప్పుతూ వాకిట్లో నిలబడ్డారు. వద్దంటే వినలేదు. బస్సుకీ లారీకీ నడుమ మనిషైనా పక్కకు తిరిగి నడవాల్సిన సందులోంచి కారు దూర్చారు, ఎడంచేత్తో అద్దం సర్దుకుంటూ. అల్లుడు కళ్లు మూసుకునే ప్రయాణం చేసి, ఆఫీసు రాగానే బతుకుజీవుడా అని దిగిపోయాడు. ల్యాప్‌టాప్ కారులోనే ఉండిపోయింది.

ఆ సంగతి మూడో అంతస్తు ఎక్కాక తెలిసింది. మామగారికి ఫోన్ చేస్తే తీయరు. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆయన ఫోను ముట్టరు. ఆయన దారిలో పనులు చూసుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. అల్లుడు ముందే ఫోన్ చేసి చెప్పడంతో భార్య ఆయన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపింది. ఈలోగా కమిటీ గంట ముందే దిగిపోయింది.

మామగారు ల్యాప్‌టాప్ పట్టుకుని తిన్నగా సమావేశం గదిలోకే వచ్చేశారు. అల్లుడు దాన్ని అందుకుని ఆయన్ని సాగనంపబోతుంటే కమిటీ అధ్యక్షురాలు కుర్చీలోంచి లేచింది. "మాస్టారూ, మీరా? నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఈయనేనండీ," అని అందరికీ చెప్పి, తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

పేరు మార్చే వ్యవధి లేదు. తెరమీదకు కార్లు వచ్చేశాయి. ఎర్ర కారు ఎటు పోతే అతను అటు జరుగుతూ, వీపుతో దాన్ని కప్పుతూ మాట్లాడాడు. అదేమో నెమ్మదిగా పోయే రకం కాదు. రెండు నిమిషాలకే అతనికి ఆయాసం వచ్చింది. కాస్త అడ్డు తప్పుకోమంది అధ్యక్షురాలు. అతను తప్పుకున్నాడు. మామగారు కళ్లజోడు పెట్టుకున్నారు.

ఎర్ర కారు నెత్తిన ఉన్న పేరు చదివారు.

"అల్లుడుగారూ," అన్నారు. పెళ్లయిన ఏడేళ్లలో ఆయన అతన్ని గారు అని పిలవలేదు. "మీరు పెట్టిన పెట్టె పెట్రోలు కోసం కాదన్నమాట."

అతను తల వంచుకుని కాదన్నాడు. మనిషికి చెప్పకుండా అతని మీద పరిశోధన చేయడం ఏ నిబంధన ప్రకారమని కమిటీలో ఒకాయన అడిగి, కాగితం మీద ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. ప్రాజెక్టు అప్పటికే సగం మూతపడింది.

మామగారు మాత్రం తెరమీంచి చూపు తిప్పలేదు. మొత్తం ఎన్ని గుద్దుకున్నాయని అడిగారు. పందొమ్మిది అన్నాడు అల్లుడు.

"అందులో నావెన్ని?"

అల్లుడు లెక్క తీశాడు. మూడు. మిగతావాటిని అతను ఏనాడూ విడిగా చూడలేదు. అతని కళ్లెప్పుడూ ఎర్ర కారు మీదే.

"మూడు నావే, ఒప్పుకుంటా. మిగతావన్నీ ఆ ఆకుపచ్చ కారు వెనకే పోగుపడుతున్నాయి చూడు. ముందు రోడ్డు ఖాళీగా ఉన్నా బ్రేకేస్తోంది. ఆ మహానుభావుడెవరు?"

ఆకుపచ్చ కారు నెత్తిన "ఆదర్శ డ్రైవర్" అని ఉంది. జాగ్రత్తపరుడి నమూనా కూడా ఒకటి కావాలి కాబట్టి, ఆదివారాలు మామగారి కారును తాను నడిపినప్పటి వివరాలను అల్లుడు దానికి ఎక్కించాడు. ఆ మాట పైకి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అవసరమూ లేకపోయింది.

"ఆదివారం పక్క సీట్లో కూర్చునేది నేనే కదా," అన్నారు మామగారు. "ఆ బ్రేకు నాకు తెలుసు."

ఆకుపచ్చ కారును తీసేసి మళ్లీ నడపమంది అధ్యక్షురాలు. పందొమ్మిది కాస్తా మూడుకు దిగింది. రాసుకుంటున్నాయన కలం పక్కన పెట్టాడు. వేగం ఒక్కటే ప్రమాదమనుకుని ఇన్నాళ్లూ సగమే చూశామని, మిగతా సగం కోసం ప్రాజెక్టును ఇంకో రెండేళ్లు నడపాల్సిందేనని అధ్యక్షురాలు తేల్చేసింది. పెట్టె సంగతేమిటని ఆవిడ అడిగితే, అనుమతి పత్రం మీద ఇప్పుడే సంతకం పెడతాను గానీ ఒక షరతు ఉందన్నారు మామగారు. ఆకుపచ్చ కారు ముప్పై రోజులు తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవాలి.

మొదటి పాఠం బ్రేకు మీంచి కాలు తీయడం. పదహారో రోజుకు కూడా రెండో పాఠం మొదలుకాలేదు.