గరిటక్క ఫిర్యాదు ముగిసిన విధము

నగరపాలక సంస్థలు పుట్టిన నాటి నుంచి పౌరుల ఫిర్యాదులను తీర్చడానికి ఎన్నో మార్గాలు కనిపెట్టారు. వాటన్నిటిలోకీ నాగరికమైనది, తవ్వకం అవసరం లేనిది ఒక్కటే: ఫిర్యాదు చేసిన మనిషిని మేయరును చేయడం. ఈ మార్గాన్ని కనిపెట్టింది మా ఊరేనని చెప్పుకోవడానికి మాకు గర్వంగా ఉంది. (గర్వపడక చేసేదేమీ లేదు. మిగతా పనులన్నీ టెండరు దశలో ఉన్నాయి.)

ముందుగా మా వీధి సంగతి. వీధి చివర కొత్తగా మురుగు కాలువ కట్టారు. గట్టి కాలువ, చూడముచ్చటైన కాలువ, కాకపోతే వీధి కంటే జానెడు ఎత్తు. అందువల్ల వీధిలో నీళ్ళు కాలువలోకి పోవలసింది పోయి, కాలువలో నీళ్ళు వీధిలోకి వస్తాయి. ఇంజనీరు గారు స్వయంగా వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కొలిచి చూసుకుని, కాలువ ప్లాను ప్రకారమే ఉందనీ, వీధే ప్లానుకు విరుద్ధంగా పల్లంలో ఉందనీ తేల్చారు. వీధి మీద చర్య తీసుకోకుండా వదిలేయడం ఆయన మంచితనం.

అందరికంటే పల్లంలో ఉన్నది గరిటక్క ఇల్లు. ఆవిడ కాలేజీ హాస్టల్లో వంట చేసేది. ముందు గదిలో ఆవిడ అత్తగారి మంచం. తుంటి విరిగిన దగ్గర నుంచి పెద్దావిడ ఆ మంచం దిగలేదు. వాన పడ్డప్పుడల్లా కోడలు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టేది. మళ్ళీ వాన, మళ్ళీ ఇటుకలు. చివరికి రెక్కలు తగులుతాయని ఫ్యాను విప్పేశారు. “ఏమే, వీళ్ళు ఇంకో కాలువ కట్టారంటే నేను మంచం మీద నుంచే అటక సర్దేయొచ్చు” అనేది పెద్దావిడ. నవ్వుతూనే అనేది గానీ, ముక్కు మూసుకోకుండా ఆ గదిలో కాసేపు కూర్చోవడం ఎవరి తరమూ కాదు. ఆవిడ మాత్రం రాత్రింబవళ్ళు అందులోనే. ఆ గది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కోడలికీ మండింది. రోజూ హాస్టల్‌కు వెళ్ళే దారిలో కార్పొరేషన్ ఆఫీసు గేటు ముందు ఆగి, పెద్ద గరిటతో గంగాళం మూత వాయించడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లో వీధిలో ఆడవాళ్ళందరూ తలా ఒక మూత పట్టుకుని ఆవిడ వెనక నిలబడ్డారు. ఆవిడకు గరిటక్క అనే పేరు అలా వచ్చింది. ఈ చప్పుడు వల్ల ఆఫీసులో పనులు ఆగిపోతున్నాయని కమిషనరు గారు పై అధికారులకు రాశారు. (అంతకు ముందు అక్కడ పనులు జరిగేవనడానికి దొరికిన మొదటి ఆధారం ఇదే.)

ఇంత చప్పుడు చేయగల మనిషి గేటు బయట ఉండటం మంచిది కాదని పెద్దలకు తోచింది. ఎన్నికల్లో సీటిచ్చారు. గుర్తు కూడా గరిటే వచ్చింది. వండి పెట్టే చేయి వడ్డించక మానదని జనం నమ్మి, బండెడు ఓట్లు గుద్దారు. గెలిచిన రోజు మా వీధి మోకాటి లోతు నీళ్ళలో డాన్సు చేసింది.

మేయరు కుర్చీలో కూర్చోగానే గరిటక్క అడిగింది మా వీధి కాలువ గురించే. ఇంజనీరు గారు చేతులు కట్టుకుని, అది ఎప్పుడో క్లోజ్ అయిపోయిందని విన్నవించారు.

“కాలువ దించారా?”

“లేదండి. ఫిర్యాదు చేసినవారే లోపలికి వచ్చేశారు కదండీ.”

ఆ తరువాత ఆయన ఓపికగా నిబంధనలు వివరించారు. ఫిర్యాదుదారు సంస్థలో పదవి స్వీకరించిన క్షణం నుంచి ఆ ఫిర్యాదు సంస్థ సొంత అభిప్రాయం అవుతుంది. సంస్థ తన మీద తాను ఫిర్యాదు చేసుకోవడం మర్యాద కాదు. మేయరు కొత్తగా ఫిర్యాదు పెట్టడానికీ వీల్లేదు, స్వీకరించడానికి మాత్రమే వీలుంది. పోనీ నేరుగా ఆర్డరు వేద్దామంటే, సొంత ఇంటి ముందు పని కాబట్టి స్వలాభం అంటారు ఆడిట్‌వారు. అత్తగారు ఫిర్యాదు చేస్తే బంధుప్రీతి. కాబట్టి బయటివారెవరైనా చేయాలి.

బయటివాడిగా ఇస్త్రీ బాబాయి ముందుకొచ్చాడు. అతనికి గరిట అక్కర్లేదు, గొంతు చాలు. వారం తిరక్కుండానే ఆఫీసు కిటికీలు మూసుకోవలసి వచ్చింది. అధికారులు అతనిలోని నాయకత్వ లక్షణాలను గుర్తించి పారిశుద్ధ్య కమిటీ ఛైర్మన్‌ను చేశారు. ఫిర్యాదు క్లోజ్. తరువాత పాలబూత్ వదిన అరిచింది, మహిళా కమిటీలోకి వెళ్ళింది. ట్యూషన్ మాస్టారు గట్టిగా దగ్గారు, అంతే, ఆయనకు విద్యా సలహాదారు పదవి. (ఈ వ్యాస రచయితకు ప్రచార కమిటీలో సభ్యత్వం లభించింది. కుర్చీకి చక్రాలున్నాయి.)

గరిటక్క ఊరుకుందని అనుకోవద్దు. కౌన్సిల్ సమావేశానికి గరిట, మూత పట్టుకెళ్ళి టేబుల్ మీద పెట్టి శాయశక్తులా వాయించింది. సభ్యులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి ఊళ్ళో ఏ ప్రారంభోత్సవానికైనా రిబ్బను కత్తిరించడం మాని, మేయరు గారి చేత గరిట మోగించడం ఆనవాయితీ అయింది. పార్కులో మోగించింది, పార్కింగ్‌లో మోగించింది, మరో వీధిలో అచ్చం మా కాలువలాంటిదే ఇంకో కాలువ కడితే అక్కడా మోగించింది. అలా మోగించీ మోగించీ ఆవిడ చెయ్యి పడిపోయింది, చెవులూ అలవాటు పడిపోయాయి.

ఈలోగా మా వీధిలో ఫిర్యాదు చేయడానికి అర్హత ఉన్న మనిషి మిగల్లేదు. అందరం అధికారులమే. అందుకు గాను మాకు ‘ఫిర్యాదు రహిత వీధి’ అవార్డు వచ్చింది. మా ఇళ్ళల్లోకి మురుగునీళ్ళు వస్తే దాన్నిప్పుడు క్షేత్రస్థాయి పరిశీలన అంటున్నారు.

పదవి దక్కని ప్రాణి పెద్దావిడ ఒక్కతే. ఆవిడ ఫిర్యాదు చేసినా బంధుప్రీతే, ఆవిడకు పదవి ఇచ్చినా బంధుప్రీతే.

మొన్న సాయంత్రం పెద్ద వాన. మందులు ఇచ్చి వద్దామని నేను వెళ్ళేసరికి, గరిటక్క అప్పుడే కారు దిగి వచ్చి అత్తగారి మంచం పక్కన కుర్చీలో వెనక్కి వాలింది. రోజంతా సభలు, స్వాగతాలు, వినతిపత్రాలు. మనిషి సగం నిద్రలో ఉంది. గడప దాటి నల్లటి నీళ్ళు చిన్నగా లోపలికి వచ్చాయి. పెద్దావిడ కోడలి వంక తిరిగింది. పిలుద్దామని నోరు తెరిచి, ఏమని పిలవాలో ఆలోచించి, చివరికి మెల్లగా అంది.

“కాళ్ళు పైకి పెట్టుకోండి మేయరు గారూ, నీళ్ళొస్తున్నాయి.”

గరిటక్క కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది.

“మా దృష్టికి తీసుకొచ్చినందుకు ధన్యవాదాలండీ.”