పొట్టి స్టూలు మీది తీర్పు

ఆ రోజు పొద్దున వడ్రంగికి ఉన్న పని ఒక్కటే. బాక్సింగు హాలుకు చేసిన మూడు ఎత్తు స్టూళ్ళకు గరుకు కాగితం పట్టి, పది గంటలకు వచ్చే వ్యానులో ఎక్కించాలి. ఆ తరువాత స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, భార్యతో మధ్యాహ్నం పోటీకి వెళ్ళాలి. ఆ స్టూళ్ళు జడ్జీలవి. రింగుకు మూడు వైపులా ముగ్గురు కూర్చుని రౌండు రౌండుకూ మార్కులు వేస్తారు. ఆ రోజు రింగులో దిగేవాళ్ళలో ఒకడు వడ్రంగి మేనల్లుడు.

మేనల్లుణ్ణి అందరూ దిమ్మ అంటారు. నిలబడితే పాతేసినట్టు నిలబడతాడు. పదకొండేళ్ళుగా దెబ్బలు తింటూ, పెడుతూ ఉన్నాడు. రెండుసార్లు బెల్టు దాకా వచ్చి, రెండుసార్లూ జడ్జీల మార్కుల్లో పోగొట్టుకున్నాడు. ఇది మూడోసారి. ఇదీ పోతే గ్లవ్సు మూటగట్టి అటక మీద పడేస్తానన్నాడు. అటక మీద చోటు కూడా చూసుకున్నాడు.

రెండు స్టూళ్ళు బాగానే కుదిరాయి. మూడోది రవ్వంత కుంటింది. గోటితో పోయేదానికి వడ్రంగి రంపం తీశాడు. ఒక కాలు బియ్యపు గింజంత కోశాడు. అది రెండో వైపు కుంటింది. ఆ వైపు కోశాడు. వెనక్కి కుంటింది. కోపమొచ్చి వేలెడు కోశాడు. మిగతా మూడు కాళ్ళూ దానికి సరి చెయ్యాల్సి వచ్చింది. సరి చేశాక మళ్ళీ కుంటింది. మధ్యలో భార్య మంచినీళ్ళు తెచ్చి, స్టూలునీ నేలనీ చూసి ఏదో అనబోయింది. పనిలో ఉన్నప్పుడు మాట్లాడవద్దని వడ్రంగి చెయ్యెత్తాడు. ఆవిడ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

వ్యాను హారను మోగేసరికి నడుము ఎత్తు ఉండాల్సిన స్టూలు మోకాలి ఎత్తుకు దిగింది. వడ్రంగి దానికి పాత దుప్పటి చుట్టి, తాడు కట్టి ఎక్కించేశాడు. హాలుకు వెళ్ళాక మేనేజరుతో చెప్పి ఒక కుర్చీ వేయించవచ్చనుకున్నాడు.

హాల్లో మేనేజరు దొరకలేదు. పైన ఉన్నాడంటే పైకి వెళ్ళాడు, కింద ఉన్నాడంటే కిందికి దిగాడు. ఆఖరికి లోపలికి వచ్చేసరికి మొదటి గంట కొట్టేశారు. మూడో వైపు సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న జడ్జి ఆ పొట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రింగు అంచు ఆయన గడ్డానికి ఆనింది. పోయిన నెల కుర్చీ కిర్రుమంటోందని ఫిర్యాదు చేస్తే, తోటి జడ్జీలు ఆయన్ని అలిగిన అల్లుడని ఏడిపించారట. అప్పటినుంచి నేల మీద కూర్చోబెట్టినా నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

అవతలివాడి పేరు బొంగరం. ఎడమచేతివాటం. గిర్రున తిరిగి వచ్చి రెండు వేసి, గిర్రున వెళ్ళిపోతాడు. దిమ్మ కొట్టేటప్పుడు గట్టిగానే కొట్టాడు గాని, బొంగరం వచ్చినప్పుడల్లా నిలబడ్డ చోటే ఉండిపోయాడు. వీడు కాలు కదపడేమిటని వడ్రంగి భార్య, దిమ్మకు అత్త, పక్కన గొణుగుతూనే ఉంది. వడ్రంగి చూపు రింగు మీద లేదు. కలుగులోంచి తొంగిచూసే ఎలుకలా లేచి దిగుతున్న ఆ జడ్జి తల మీదే ఉంది.

పది రౌండ్లు అయ్యాయి. మార్కులు చదివారు. మొదటి జడ్జి రెండు మార్కుల తేడాతో బొంగరాన్ని గెలిపించాడు. రెండో ఆయన ఒక్క మార్కుతో దిమ్మను గెలిపించాడు. మూడో ఆయన పది రౌండ్లూ దిమ్మకే రాశాడు. రిఫరీ దిమ్మ చెయ్యి పైకెత్తాడు. బెల్టు కట్టారు. హాలు గోల గోలయింది.

బొంగరం గురువు జడ్జి మీదికి వెళ్ళాడు. "పదికి పదా? మావాడు పది రౌండ్లూ నిద్రపోయాడా అయ్యా?"

అప్పుడే ఆ స్టూలు అతని కంటబడింది. ఇదెవరు చేశారని అరిచాడు. వ్యాను తోలినతను మర్యాదస్తుడు. అడిగితే ఉన్నది చెబుతాడు. గెలిచినాయన మేనమామేనండీ అన్నాడు.

ఇక చెప్పేదేముంది. మామ స్టూలు వేశాడు, జడ్జి మార్కులు వేశాడు అని వెనక వరస దాకా పాకింది. దిమ్మ ఎవరూ అడగకుండానే బెల్టు విప్పి పోటీ పర్యవేక్షకుడి చేతిలో పెట్టాడు. కట్టి పావుగంట కూడా కాలేదు.

పర్యవేక్షకుడు ఇరుపక్షాలనూ, ఆ జడ్జినీ ఆఫీసు గదిలోకి పిలిచి, స్టూలును బల్ల మీద పెట్టి, ఇదేమిటని వడ్రంగిని అడిగాడు.

"కుంటుతోందని కోశానండి," అన్నాడు వడ్రంగి. "కోసేకొద్దీ కుంటింది."

"స్టూలు కుంటలేదండి," అంది భార్య. "మా వాకిలి కుంటింది. అక్కడ నేల ఎగుడుదిగుడు. పొద్దున్నే చెబుదామనుకున్నాను. మాట్లాడొద్దన్నారు."

పర్యవేక్షకుడు స్టూలును గచ్చు మీద పెట్టి చూశాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆయన జడ్జి వైపు తిరిగి, ఇంత కింద కూర్చుని ఏం కనబడిందని రాశారని అడిగాడు.

"కాళ్ళు," అన్నాడు జడ్జి. "బొంగరం ఒక్కసారి కూడా ఊరికే కొట్టలేదు. ముందు కుడికాలితో దిమ్మ ఎడమకాలు తొక్కిపట్టి, తర్వాత కొట్టాడు. మొదటి రౌండు నుంచీ అంతే. తొక్కి కొట్టిన దెబ్బకి మార్కు లేదని రూల్లో ఉంది."

"మరి రిఫరీతో చెప్పలేదేం?"

"రౌండు నడుస్తుంటే జడ్జి మాట్లాడకూడదనీ ఉందండి."

రిఫరీ చూపు చేతుల మీద ఉంది. మిగతా ఇద్దరు జడ్జీల చూపూ చేతుల మీదే. కెమెరాలూ నడుము పైనే పట్టాయి. పర్యవేక్షకుడు దిమ్మ కాలు బల్ల మీద పెట్టించాడు. కొత్త తెల్ల బూటు. ముందు భాగమంతా అడ్డగీతల ముద్రలు, ఒకదాని మీద ఒకటి. బొంగరం తన కుడిబూటును కుర్చీ కిందికి లాక్కున్నాడు. తియ్యమన్నారు. దాని అడుగు పైకి తిప్పి దిమ్మ బూటు పక్కన పెట్టారు. గీతకు గీత సరిపోయింది.

"నువ్వైనా నోరు తెరవొచ్చుగా?" అన్నాడు వడ్రంగి.

"రెండుసార్లు ఓడినోడు మూడోసారి నా కాలు తొక్కారంటే ఎవడు నమ్ముతాడు మావయ్యా?"

పర్యవేక్షకుడు తీర్పు మారదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. బయటికి వెళ్ళి మైకు తీసుకుని సంగతి చెప్పి, ఆ బూటును అందరికీ కనబడేలా పైకెత్తాడు. తిట్టిన హాలే చప్పట్లతో అదిరింది. దిమ్మను భుజాల మీద ఎత్తుకున్నారు. వడ్రంగినీ ఎత్తుకున్నారు. ఆయన దించమన్నా దించలేదు. కళ్ళజోడు జడ్జిని ఎత్తుకుని రింగు చుట్టూ తిప్పారు. అంత ఎత్తు నుంచి ఆయన రింగును చూడటం అదే మొదటిసారి. అత్త మేనల్లుడి నడుముకు బెల్టును తనే మళ్ళీ బిగించింది. ఈసారి ఎవరు అడిగినా విప్పవద్దని చెప్పింది.

దిమ్మ విప్పలేదు. మూడు వారాలు ఆ బెల్టుతోనే ఊరంతా తిరిగాడు, ఎడమ కాలికి మాత్రం చెప్పు లేకుండా. వాచిన బొటనవేలికి సరిపడే చెప్పు ఏ దుకాణంలోనూ దొరకలేదు.