లేని లస్మయ్యకు సన్మానం

చంద్రపూర్‌లో ఇంటింటికీ కేబుల్ టీవీ వస్తున్న రోజులు. ఆ ఆదివారం పొద్దున అటుకులు తింటూ కేబుల్ వాళ్ళ కోసం ఎదురుచూడటం తప్ప అనంతరావు వేరే పని పెట్టుకోలేదు. ఆయన బొగ్గు గనుల ఆఫీసులో గుమాస్తా, అచ్చమైన మరాఠీ మనిషి. ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. గాదె లస్మయ్య అనే మారుపేరుతో, రాజురా సరిహద్దు తెలుగువాడిలా మరాఠీ వారపత్రికకు తెలుగు ఇళ్ళ కథలు రాస్తుంటాడు. ఎన్నో ఏళ్ళుగా గోడ అవతల తెలుగు కుటుంబం. ముచ్చట్లు వాళ్ళవైనప్పుడు పేరు కూడా వాళ్ళదే ఉండాలనుకున్నాడు. కథలు మాత్రం ఎంత బాగా రాస్తాడని! ఆ మాట చెప్పకపోతే పాపం.

కేబుల్ వాళ్ళకు బదులు ఆ పక్కింటి గని కార్మికుడు రాజం వచ్చి పడ్డాడు.

"సాబ్, నా ఇజ్జత్ పోయేటట్టున్నది!"

"ఏమైంది రాజం?"

"గా కథలు రాసే గాదె లస్మయ్య లేడా? నా పెండ్లాం తిరుపతమ్మ తల్లిగారోళ్ళు గాదోళ్ళే గదా. 'మనోడే, నాకు బామ్మర్ది అయితడు' అని డ్యూటీల ఒక్క మాటన్న."

అనంతరావుకు అటుకులు గొంతులో అడ్డం పడ్డాయి.

అన్నది ఒక్క మాటే. సాయంత్రానికి ఆ బామ్మర్ది రాజం పెళ్ళిలో చెప్పులు దాచాడని తేలింది. మర్నాటికి ఆ బామ్మర్ది రాజం ఇంట్లోనే కూర్చొని కథలు రాస్తున్నాడన్నారు. బల్లార్‌పూర్ వైపు తెలుగు సంఘం పెద్ద దేవన్న శాలువా కొనేశాడు, మైకు మాట్లాడేశాడు. ఇవాళ సాయంత్రమే సన్మానం. తీసుకొచ్చే పూచీ బావగారిది.

"లేని బామ్మర్దిని యాడికెల్లి తేవాలె సాబ్? నువ్వు తెలుగు మంచిగ మాట్లాడుతవ్. ఒక్క పూట లస్మయ్యవై కూసో. ఆడ నిన్నెవ్వరు గుర్తువట్టరు. మా అవ్వను గూడ తోలుకరాను."

తన వేషం తనే కట్టాలన్నమాట! వెళ్తే గుట్టు బయటపడుతుంది, వెళ్ళకపోతే రాజం పరువు పోతుంది. అనంతరావు రాజం తెల్ల అంగీ తొడుక్కొని బయలుదేరాడు.

సభలో అడుగు పెట్టగానే గాదె వారి పెద్దాయన ఒకడు కావలించుకున్నాడు. "మనోడే! అచ్చం మా పెద్దబాపు ముక్కే!"

దేవన్న మైకు అందుకున్నాడు. "అత్త అలిగి గడపల కూసొని, పచ్చిపులుసు పోపు వాసనకు లేసొచ్చిన కథ రాసిండు సూడుండ్రి! నా పెండ్లాం నవ్వింది, ఎన్క ఏడ్సింది. మా ఇంట్ల కూసొని రాసినట్టే ఉన్నది."

చప్పట్లు మోగాయి. అనంతరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల ఎత్తితే ముందు వరసలో రాజం తల్లి మల్లవ్వ! వద్దన్నా వచ్చేసింది. ఇక ఆయనకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నేను లస్మయ్యను కాదు. అనంతరావును, మరాఠీ మనిషిని. కథలు మాత్రం నేనే రాసిన."

పక్కనున్న రాజం ఆయన చెవిలో గొణిగాడు. "కాదన్నవ్, సరే. రాసిన్నని ఇంకో అబద్ధమెందుకు సాబ్!"

మల్లవ్వ లేచింది.

"అబద్ధమెట్లయితది రా? గడపల అలిగింది నేనే. గా ముచ్చట గోడ అవుతలోనికి గాక ఇంకెవ్వనికెరుక? మనోళ్ళల్ల ఒక్కడన్న మన గురించి గింత మంచిగ రాసిండా? చూస్తరేంది, కప్పుండ్రి శాలువా!"

కప్పారు. గాదె వారి పెద్దాయన "ముక్కు కాకపోతే మాయె, మనిషి మనోడే" అంటూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ ధైర్యంతో అనంతరావు తర్వాతి కథను సొంత పేరుతో పంపాడు. సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, ముందు లస్మయ్యగారిని కలిసి తెలుగు ఇళ్ళ సంగతులు నేర్చుకోమని సలహా ఇచ్చాడు.