నార్మల్ వచ్చిన కోడలు

అక్షరదోషాలుంటే మన్నించండి. మావారు పోయాక పలక పట్టినదాన్ని. ఒక వాక్యం పూర్తయ్యేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. అయినా లోకానికి మేలు చేసే మాట కాబట్టి రాస్తున్నాను: ప్రతి ఇంటి కోడలికీ థైరాయిడ్ రావాలి!

తిట్టుకోకండి. మా ఇల్లే చూడండి. ఒళ్లు బరువుగా ఉంది, జుట్టు రాలుతోంది, మిట్టమధ్యాహ్నం చలి వేస్తోంది అని కోడలు రెండేళ్లు చెబితే ఎవరు విన్నారు? బద్ధకం అన్నాడు మా అబ్బాయి. తిండి ఎక్కువైంది అంది మా అమ్మాయి. అదే ల్యాబువాళ్లు సూదితో కాస్త రక్తం లాగి, కాగితం మీద థైరాయిడ్ అని అచ్చు వేసి ఇచ్చారో లేదో, అందరికీ జాలి పుట్టుకొచ్చింది! రక్తానికున్న పరపతి నాలుకకు లేదు.

ఇక డాక్టరు రాసిచ్చిన మాత్ర వైభవం వినండి. ఆవగింజంత ఉంటుంది. పరగడుపున వేసుకుని గంటసేపు ఏమీ తినకూడదు. పెళ్లయ్యాక ఆ పిల్లకు దొరికిన మొదటి తీరిక ఇదే కదా అని మురిసిపోయాను. మా అబ్బాయి ఏమన్నా తక్కువవాడా?

"డాక్టరు తినొద్దన్నాడు గానీ పని చెయ్యొద్దన్లేదుగా," అన్నాడు.

ఆ గంటలోనే వంట, ఇస్త్రీ, పిల్లల బ్యాగులు సర్దడం అన్నీ అయిపోయేవి. మధ్యలో కాఫీకి కూడా ఆగక్కర్లేదు. ఇంత సుఖం ఇంకే జబ్బులో ఉంది?

కొన్నాళ్లకు కోడలు తేరుకుంది. మొహంలో వాపు తీసింది, గొంతు తేటపడింది. మళ్లీ పరీక్ష చేయిస్తే నార్మల్! అంతే, మా అబ్బాయి మందుల చీటీ జేబులో పెట్టుకుని మాత్రలు తేవడం మానేశాడు. జీవితాంతం వాడాలనడం డాక్టర్ల వ్యాపారమట. మాత్ర వేసుకోబట్టే నార్మల్ వచ్చిందండీ అని కోడలు మొత్తుకుంటే నవ్వాడు. ఇప్పుడామె మళ్లీ శాలువా కప్పుకుని, మేడ ఎక్కుతూ మెట్ల మధ్యలోనే కూలబడుతోంది. ఎవరికీ కంగారు లేదు. రిపోర్టు నార్మల్ కదా!

మా అబ్బాయి న్యాయం నాకు తెగ నచ్చింది. పొద్దున వాడు స్నానానికి వెళ్లగానే వాడి కళ్లజోడు నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

"అమ్మా, నా కళ్లజోడు చూశావా?" అంటూ గోడ తడుముకుంటూ వచ్చాడు.

"నిన్నంతా బాగానే కనబడింది కదరా, ఇంకా ఎందుకు? జీవితాంతం పెట్టుకుంటావా ఏంటి?" అన్నాను.

తడుముకుంటూ వెళ్లి చొక్కా జేబులోంచి మందుల చీటీ తీశాడు. ఇప్పుడు మందుల షాపుకు ఫోన్ చేస్తున్నాడు. నంబరు కనబడక పెళ్లాం చేత చదివించుకుంటున్నాడు.

మాత్రలు ఆమె చేతికి వచ్చాక తాళం తీస్తాను.

ఇట్లు,
వీధిలో అందరూ పిలిచే బడి మామ్మ,
అరవై ఎనిమిదేళ్లు,
ప్రస్తుతం కొడుకు ఇంట్లో, వంటగది పక్క గది.