లామినేషన్ చేసిన బోర్డు

ఇంగ్లీషు విశేషణాలన్నిటిలోకీ దయగలది 'ఇనెవిటబుల్'. కాదనేవాళ్లు మా అపార్ట్‌మెంటు లిఫ్టు ముందు అయిదు నిమిషాలు నిలబడి చూడండి!

'తప్పించలేనిది' అని కాలేజీలో మాకు అర్థం చెప్పారు. చావు, ముసలితనం, వాన లాంటివాటికే వాడాలట. పాపం, ఆ మాస్టారికి మా సెక్రటరీగారు తెలియదు. నీళ్లు రాలేదా? ఇనెవిటబుల్. మీటింగుకి ఆయనే రాలేదా? మరీ ఇనెవిటబుల్!

"ఇనెవిటబుల్ కారణాల వల్ల లిఫ్టు పనిచేయదు" అని బోర్డు. తేదీ లేదు. పైగా లామినేషన్ చేయించారు! నాలుగు రోజుల్లో బాగయ్యేదానికి ఎవరైనా లామినేషన్ చేయిస్తారా? అదీ ముందుచూపు!

ఇక లాభాలంటారా? నాలుగో అంతస్తులో బట్టలు కుట్టే మా మిషనక్క నాలుగు నెలలుగా కిందికి దిగలేదు. మోకాళ్లకి మెట్లు పడవు. రోజూ ఆరుబయట నడవకపోతే కాళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు భయపెట్టాడు. అయితేనేం, చెప్పులు అరగలేదు!

మా ఆవిడ పోయాక నా చొక్కా గుండీలు ఊడితే చూసేది మిషనక్కే. ఇప్పుడు బాల్కనీలోంచి తాడుతో బుట్ట దించుతుంది. చొక్కా పైకి వెళ్లి గుండీతో దిగుతుంది. మనిషి మాత్రం బుట్టలో పట్టదు.

మొన్న సెక్రటరీగారి అయిదో అంతస్తుకి రెండు తలుపుల ఫ్రిజ్ వచ్చింది. వెంటనే మెకానిక్ వచ్చాడు. ఇరవై నిమిషాల్లో లిఫ్టు కదిలింది!

"ఏమైందయ్యా?" అన్నాను.

"చిన్న వైరు సార్. ఫోన్ చేస్తే ఆ రోజే వచ్చేవాణ్ణి. ఎవరూ చెయ్యలేదు."

చావూ కాదు, వానా కాదు. వైరు!

గేటు దగ్గర ఫ్రిజ్ అట్టపెట్టె విప్పుతున్నారు. నేను లిఫ్టెక్కి నాలుగు నొక్కాను.

"అక్కా, చెప్పులేసుకో. కిందికెళ్దాం."

"నిజంగానా తమ్ముడూ? ఏదీ, ఎక్కడ పెట్టానో..."

లిఫ్టు తలుపుకి కాలు అడ్డం పెట్టి నిలబడ్డాను. కిందనుంచి సెక్రటరీగారి కేక: "ఎవరండీ లిఫ్టు ఆపింది? ఫ్రిజ్ ఎండలో ఉంది!"

"కాస్త ఆలస్యం ఇనెవిటబుల్ అండీ!" అని నేనూ కేకేశాను.

చెప్పులు దొరికాయి. ఒకదాని పట్టీ ఊడిపోయి ఉంది.

"అయ్యో, రెండు కుట్లేసి వచ్చేస్తా. వాళ్లు తిడతారేమో?"

"తొందరేం లేదక్కా," అన్నాను, "గట్టిగా కుట్టు. రేపట్నుంచి రోజూ నడవాలి."