రెండు చేతుల వాచీలు

వెర్ల్ హాస్కెట్ ఆ ఉదయం లేస్తూనే రెండు చేతులకూ రెండు వాచీలు కట్టుకున్నాడు. ఎడమచేతిది యూటా టైము, కుడిచేతిది ఆరిజోనా టైము. వేసవి వస్తే యూటా రాష్ట్రం గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటుంది, పక్కనున్న ఆరిజోనా ససేమిరా అంటుంది. సరిహద్దు దగ్గర సెల్‌ఫోను ఏ టవరు దొరికితే ఆ టైము చూపిస్తుందని ఫోన్లు రెండూ కట్టేసి కారు అరలో పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా స్కూలు బస్సులను నిమిషం తేడా లేకుండా నడిపిస్తున్న మనిషి, సెలవులను మాత్రం గాలికి ఎలా వదిలేస్తాడు?

పోయిన ఏడాది ఎడారి పార్కులు అయిదు తిప్పి, అయిదింట్లోనూ కొండలెక్కించాడు. ఆఖరి రోజు భార్య మార్జీన్ బూట్లు విప్పి కారు మీద పెట్టి, "వచ్చే ఏడూ ఇదే వరసైతే నేను రీనోలో మా చెల్లి దగ్గరుంటా. నువ్వూ, నీ ఎర్రరాళ్ళూ కాపురం చేసుకోండి," అంది. ఆ మాట వెర్ల్‌కు గట్టిగానే తగిలింది. అందుకే ఈసారి రకరకాల వినోదాలతో పట్టిక తయారుచేసి, దానికి లామినేషన్ కూడా చేయించాడు. ఒక్క రోజులో ఏడు! ఏట్లో ట్యూబుల మీద తేలడం, కుండలకు రంగులు, గుర్రపు స్వారీ, రాక్షసబల్లుల అడుగుజాడలు, పిట్టల లెక్క, పార్కు రేంజరు ఉపన్యాసం, చివరికి సరిహద్దు దాటి ఆరిజోనాలో గ్రాండ్ కాన్యన్ లోయ అంచున సూర్యాస్తమయం.

మార్జీన్ అడిగింది ఆ చివరిదొక్కటే. "పాతికేళ్ళ కిందట నువ్వు ఉంగరమిచ్చిన బండ మీద ఒక్క గంట ఊరికే కూర్చోవాలి, వెర్ల్. అంతే."

"ఏడూ నలభై నుంచి ఏడూ నలభై అయిదు దాకా నీదే," అన్నాడు వెర్ల్ ఉదారంగా.

యూటాలోని జయాన్ పార్కు పక్క ఏట్లో దిగేముందు వాచీలు తడవకుండా ఆవిడ సంచిలో వేశాడు. ఒడ్డుకొచ్చేసరికి చలికి వేళ్ళు కొంకర్లు పోయి పట్టీ పెట్టుకోవడం చేతకాలేదు. ఆవిడే కట్టింది.

కనాబ్ ఊరి హాల్లో కుండల తరగతి పదకొండింటికి. ఎడమచేతి వాచీ పదీ యాభై అయిదు చూపిస్తుండగా లోపలికి అడుగుపెట్టారు. ఎనిమిదిమంది గుండ్రంగా కూర్చుని చిన్నచిన్న కుండలకు రంగులు వేస్తున్నారు. సగంమంది ఏడుస్తున్నారు.

"కళంటే అంతే. మనసు కరిగిపోతుంది," అని వెర్ల్ భార్య చెవిలో ఊదాడు.

నిజానికి వాళ్ళ తరగతి అప్పటికే అయిపోయి, హాలు చేతులు మారింది. ఇప్పుడున్నది పెంపుడు కుక్కలూ పిల్లులూ పోయినవాళ్ళు. ఆ కుండలు వాటి బూడిద దాచుకోవడానికి. వెర్ల్‌కు ఆ సంగతేం తెలుసు? కుండకు నీలిరంగు పూసి, తన వస్తువులన్నింటి మీదా రాసుకున్నట్టే దాని మీద 'వెర్ల్' అని రాసి, కింద ఆ రోజు తేదీ వేశాడు.

ఆ బృందానికి పెద్దదిక్కు డోర్లా అనే ఆవిడ వచ్చి మార్జీన్ భుజం మీద చెయ్యేసింది. "ఎవరమ్మా ఈ వెర్ల్?"

"మా ఆయనేనండీ. ఇదిగో, ఈయనే."

డోర్లా వెర్ల్ వైపు వంగింది. "ఎంత టైముందన్నారు, నాయనా?"

వెర్ల్ ఎడమచేయి చూసుకున్నాడు. "అరగంట. భోంచేసి గుర్రాల దగ్గరికెళ్ళాలి."

హాలంతా గొల్లుమంది. ఒకాయన లేచి వెర్ల్‌ను కావలించుకుని వదలడు. డోర్లా పరుగున వెళ్ళి, ఓవెన్లోంచి వెన్న, జున్ను వేసిన బంగాళాదుంపల పళ్ళెం తెచ్చి మార్జీన్ చేతుల్లో పెట్టింది. ఆ ప్రాంతంలో ఆ వంటకం ఇచ్చేది చావు జరిగిన ఇంటికే. మార్జీన్‌కు విషయం అప్పుడు వెలిగింది.

"అయ్యో, ఈయనకేం జబ్బు లేదండీ!"

"అందరం మొదట అలాగే అనుకుంటాం తల్లీ," అని డోర్లా కళ్ళొత్తుకుంది.

గుర్రాల దగ్గరికి అయిదు నిమిషాలు ముందే చేరామనుకున్నాడు వెర్ల్. "రెండింటి స్వారీయా? ఎప్పుడో పోయింది," అంది గుర్రాలావిడ. "కంచరగాడిద ఒకటుంది. దాని ఇష్టమైతే నడుస్తుంది." అది పావుమైలు నడిచి, గడ్డి కనిపించగానే ఆగి, రెండు గంటలపైన మేసింది. పైన వెర్ల్, పక్కన ఎండలో పళ్ళెం పట్టుకుని మార్జీన్.

"ఇవాళ యూటా అంతా తొందరపడుతోంది," అన్నాడు వెర్ల్ కోపంగా.

ఒక రాష్ట్రంలో ఉండగా రెండో చేయి చూడటం అతని నియమానికి విరుద్ధం. సరిహద్దు దాటాకే కుడిచేయి చూశాడు. కలిసి రావలసిన గంట రాకపోగా, చేతిలో ఉన్న గంట కూడా ఎగిరిపోయింది! సూర్యాస్తమయం పోతే మార్జీన్ రీనో పోయినట్టే. అడుగుజాడలూ పిట్టలూ రేంజరూ అన్నీ కొట్టేసి కారు ఉరికించాడు. అంచు దగ్గర కుడిచేయి ఏడూ నలభై చూపిస్తుండగా రొప్పుతూ ఆ బండ ఎక్కాడు.

సూర్యుడు పైన నింపాదిగా ఉన్నాడు.

"సూర్యుడు లేటు!" అన్నాడు వెర్ల్, బస్సు డ్రైవరును గద్దించినట్టు.

మార్జీన్ బండ మీద కూలబడి పళ్ళెం మీది మూత తీసింది. "సూర్యుడు సరిగ్గానే ఉన్నాడు. వాచీలే ఏటి దగ్గర అటుదిటు, ఇటుదటు కట్టాను. ఆరూ నలభయ్యే ఇప్పుడు."

"కావాలనే కట్టావా?"

"అడిగితే అయిదు నిమిషాలిచ్చావు మరి. కూర్చో."

వెర్ల్ పట్టిక తీసి చూశాడు. ఈ గంటకు ఎదురుగా అందులో ఏమీ లేదు. తర్వాత ఇద్దరూ వెర్ల్ చావు బంగాళాదుంపలు తింటూ కూర్చున్నారు. లోయ ఎరుపెక్కి, ఊదారంగుకు తిరిగింది. పాతికేళ్ళలో ఆవిడ పక్కన ఇంతసేపు ఊరికే కూర్చోలేదని వెర్ల్‌కు తట్టింది, సిగ్గేసింది. వాచీలు రెండూ విప్పి, ఆవిడ సంచిలోంచి తన పేరున్న కుండ తీసి అందులో వేశాడు.

మరుసటి ఏడాది పట్టికలో ఒక్కటే అంశం ఉంది: 'ఊరికే కూర్చోవడం, 6.45 నుంచి 7.45 వరకు. పది నిమిషాలు ముందుగా హాజరు కావలెను.'